డిటెక్టివ్ నవల కంప్యూటర్ ఆటగా మారాలంటే

కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ ఆధారాలు వెదుకుతుంటే, మనం పేజీలు తిప్పుతూ ఆయన వెంట నడుస్తాము. అదే కథ కంప్యూటర్ ఆట అయితే వెదకవలసింది మనమే!

ఇందుకు ఒక ఉదాహరణ చూద్దాము. అగాథా క్రిస్టీ అనే ఇంగ్లండు రచయిత్రి నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ 1939లో వెలువడింది. ఒక దీవిలో చిక్కుకున్న పదిమందీ ఒక్కొక్కరుగా చనిపోతారు. 2005లో దీనిని కంప్యూటర్ ఆటగా తయారుచేశారు.

అయితే పదిమందీ చనిపోతే ఆడేవారు ఎవరి పాత్రలో ఉండాలి? అందుకని అతిథులను తీసుకువచ్చిన పడవవాణ్ణి పదకొండవ మనిషిగా దీవిలోనే ఉంచేశారు. మరి నవల చదివినవారికి హంతకులెవరో ముందే తెలుసు కదా! అందుకని హంతకులనే మార్చేశారు. గదులు వెదకాలి, దొరికిన వస్తువులను కలిపి వాడాలి, చిక్కుముడి విప్పాలి. అప్పుడే కథ ముందుకు సాగుతుంది.

మిత్రులారా! ఇటువంటి ఆట తయారీకి మొదట కావలసింది కంప్యూటర్ కాదు, కాగితము, పెన్సిలు. ఒక డిటెక్టివ్ నవల తీసుకుని ఏ ఆధారం ఎక్కడ దొరికిందో, అది దొరక్కపోతే కథ ఎక్కడ ఆగిపోతుందో వరుసగా రాయండి. ఆటకు పునాది అదే. ఆ పని మన గొలుగొండలో కూర్చుని కూడా మొదలుపెట్టవచ్చు.