గుంపులోంచి బయటికొచ్చిన గొంతు

పేరంటంలో నలుగురితో కలిసి మంగళహారతి పాడమంటే మనం వెనకాడం. శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా పక్కావిడ గొంతు సర్దేస్తుంది. అదే, "నువ్వొక్కదానివే ఒక పాట పాడవమ్మా" అన్నారనుకోండి, చెమటలు పట్టేస్తాయి. "అబ్బే, జలుబు చేసిందండీ" అని తప్పించుకుంటాం. అవునా, కాదా?

ఈ బెరుకు మన ఒక్కరిదే కాదు. వేలమంది ఎదుట పాడి, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న గాయనికి కూడా ఒక రోజున ఒంటరిగా నిలబడవలసిన ఘట్టం వస్తుంది. అలాంటి ఒకావిడ గురించి, ఆవిడ మొట్టమొదట తన ఒక్కరి పేరుతో తెచ్చిన పాటల సంపుటి గురించి ఈవేళ మీకు చెబుతాను.

ఆవిడ పేరు ఆనీ లెన్నాక్స్. స్కాట్లండులో అబర్డీన్ అనే రేవుపట్నంలో 1954 డిసెంబరు 25న పుట్టింది. తండ్రి ఓడలు కట్టేచోట పనిచేసేవాడు. కలిగిన కుటుంబమేమీ కాదు. అయినా పిల్లకు సంగీతం చెప్పించారు. లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ఫ్లూటు నేర్చుకోవడానికి సీటు వచ్చింది. కాని ఆ శాస్త్రీయ సంగీతంలో తన మనసు ఇమడలేదు. చివరి పరీక్షలు రాయకుండానే బయటికి వచ్చేసి, హోటల్లో వడ్డన పని చేసి పొట్టపోసుకుంది. ఆ రోజుల్లోనే డేవ్ స్టూవర్ట్ అనే గిటారు వాయిద్యకారుడితో పరిచయమైంది. మొదట ఇద్దరూ 'టూరిస్ట్స్' అనే బృందంలో ఉన్నారు. ఆ తరవాత 'యురిథ్మిక్స్' అనే పేరుతో ఇద్దరే ఒక జట్టుగా ఏర్పడ్డారు. 1983లో వారి 'స్వీట్ డ్రీమ్స్' పాట ప్రపంచమంతా మోగిపోయింది.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. జట్టు పేరు పెట్టుకునేనాటికే వారిద్దరి ప్రేమ బంధం తెగిపోయింది. అయినా పనిలో మాత్రం దాదాపు పదేళ్ళు కలిసి నడిచారు. ఒకరు బాణీ అందిస్తే రెండోవారు మాట అందించడం, ఒకరికి తోచనిది రెండోవారికి తోచడం - జట్టులో ఉన్న సుఖం అదే. కాని దానితోబాటు ఒక అనుమానం కూడా లోపల మొలుస్తుంది. ఇందులో నా పాలు ఎంత? ఆ మనిషి పక్కన లేకపోతే నేను పనికొస్తానా? ఏళ్ళ తరబడి ఇంకొకరితో కలిసి సంసారమో, వ్యాపారమో చేసిన ఏ ఆడదాన్ని అడిగినా ఈ ప్రశ్న తనకి తెలుసునంటుంది.

1990 నాటికి ఇద్దరూ ఎవరి దారిన వారు వెళ్ళారు. అంతకు రెండేళ్ళ ముందు, 1988లో, ఆనీ మొదటి కాన్పులో బిడ్డ చనిపోయి పుట్టాడు. ఆ దుఃఖం ఎటువంటిదో మీకు నేను వివరించనక్కర్లేదు. 1990 చివర్లో ఆడపిల్ల కలిగింది. ఆవిడ పాటలకి విరామం ఇచ్చి, పిల్లను ఎత్తుకుని ఇంట్లో కూచుంది. "ఇక ఈవిడ పని అయిపోయినట్టే" అని ఎవరైనా అనుకోదగిన సమయం అది. ఆ విరామంలోనే చాలావరకు తనే మాటలు రాసి, తనే బాణీ కట్టి పాటలు తయారు చేసుకుంది. అవే 1992 ఏప్రిల్‌లో 'దీవా' అనే సోలో ఆల్బంగా వచ్చాయి. అప్పటికి ఆవిడ వయసు 37.

'దీవా' అంటే ఇటాలియన్‌లో దేవత. గొప్ప సంగీతనాటక గాయనిని అలా పిలుస్తారు. అట్టమీద ఆవిడ తలమీద ఈకల కిరీటం, ఒంటిమీద ఆడంబరమైన వేషం. 'వై' అనే మొదటి పాట వీడియోలో మాత్రం ముందు రంగులేని ముఖంతో అద్దం ఎదుట కూచుంటుంది. మెల్లగా పౌడరు, రంగులు పూసుకుని, చివరికి ఆ దేవత వేషంలోకి వస్తుంది. వేషం వెనక మామూలు మనిషి ఉందని ముందే చూపించేసిందన్నమాట.

ఈ పాటల్ని 'సోల్ పాప్' అంటారు. సోల్ అంటే ఆత్మ. అమెరికాలో నల్లజాతివారు చర్చిల్లో పాడుకునే భక్తిగీతాల ఒరవడి, లౌకిక గీతాల లయ కలిసి 1950లలో సోల్ సంగీతం రూపు దిద్దుకుంది. అరీథా ఫ్రాంక్లిన్ అందులో మహారాణి. ఆనీ 1985లో ఆవిడతో కలిసి పాడింది కూడాను. సోల్‌లో పాట అందంగా పాడితే చాలదు. నొప్పి గొంతులో వినపడాలి. స్వరాన్ని సాగదీయడం, ఉన్నట్టుండి తగ్గించడం, ఊపిరిని కూడా వినిపించనివ్వడం, ఇవన్నీ ఆ పద్ధతులే. దానికి పాప్ బాణీల తేలిక జోడించారు. 'వాకింగ్ ఆన్ బ్రోకెన్ గ్లాస్' వింటే బాణీ గంతులు వేస్తుంది, భావం మాత్రం విరిగిన మనసుది. నవ్వుతూ వడ్డిస్తూ లోపల కుమిలే ఇల్లాలు గుర్తొస్తుంది. 'ప్రెషస్' ఏమో పుట్టిన పాపాయిని తలచుకుని కట్టినది.

ఫలితం ఏమైందంటారా? ఆ ఆల్బం బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. 1993లో బ్రిట్ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా ఎంపికైంది. ఆ మధ్యనే 'లిటిల్ బర్డ్' పాట వీడియోలో నిండు చూలాలుగా, పొట్ట దాచుకోకుండా ఆవిడ పాడి ఆడింది. గర్భవతి తెరమీదికి రాకూడదన్న మాటను ఆవిడ లెక్క చెయ్యలేదు.

ఇంతకీ ఈ కథలో నాకు నచ్చిందేమిటంటే, ఆవిడ జట్టును దూషించి బయటికి రాలేదు. అక్కడ నేర్చినదంతా వెంట తెచ్చుకుంది. 1999లో మళ్ళీ డేవ్‌తో కలిసి ఒక ఆల్బం కూడా చేసింది. విడిపోవడం వేరు, విరోధం వేరు.

ఈ పాటలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. మధ్యాహ్నం పనయ్యాక ఒకసారి పెట్టుకుని వినండి. ఇంగ్లీషు మాటలు అన్నీ అందకపోయినా ఫరవాలేదు, గొంతు అందుతుంది. ఆపైన, వచ్చే పేరంటంలో ఎవరైనా "ఒక్కదానివే పాడమ్మా" అంటే, జలుబని మాత్రం అనకండేం!