దేశ భద్రత – తర్రెం చెప్పే పాఠం

దేశ భద్రత అనగానే సరిహద్దులు, సైన్యం, ఆయుధాలు స్ఫురించడం సహజం. కాని, ప్రమాదాన్ని ముందుగా గుర్తించి, దాని మూలాలను గ్రహించి, బలగాలను, నిధులను, చట్టాలను ఒకే లక్ష్యానికి సమన్వయపరచడమే భద్రతా ప్రణాళిక. ఇందుకై మన దేశంలో 1998లో ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ భద్రతా మండలి ఏర్పడినది.

భద్రతా సమస్య దేశం లోపల కూడా తలెత్తవచ్చు. తెలంగాణను ఆనుకొని ఉన్న బీజాపూర్ జిల్లాలోని తర్రెం ప్రాంతమే ఇందుకు నిదర్శనం. 2021 ఏప్రిల్ 3న ఇక్కడికి సమీపంలో మావోయిస్టులతో జరిగిన పోరులో 22 మంది భద్రతా సిబ్బంది అసువులు బాశారు. బందీగా చిక్కిన జవాను, గాంధేయవాది ధరంపాల్ సైనీ ప్రభృతుల మధ్యవర్తిత్వంతో ఏప్రిల్ 8న విడుదలయ్యాడు. మరుసటి నెలలో సమీప సిల్గేర్‌లో కొత్త శిబిరానికి వ్యతిరేకంగా సాగిన నిరసనలో, పోలీసు కాల్పులకు ముగ్గురు బలి అయ్యారు.

ఆయుధబలం ఎంత అవసరమో, ప్రజల విశ్వాసం కూడా అంతే అవసరమని ఈ సంఘటనలు చాటుతున్నవి. 2015 నాటి జాతీయ విధానం భద్రతతోపాటు అభివృద్ధిని, స్థానికుల హక్కులను చేర్చినది ఇందుకే. గ్రామసభకు అధికారమిచ్చిన 1996 చట్టం, అటవీ హక్కులను గుర్తించిన 2006 చట్టం ఆ హక్కులకు ఆధారాలు. 2005 తరువాత హింసకు తాళలేక అనేక ఆదివాసీ కుటుంబాలు ఖమ్మం అడవులకు వలస వచ్చినవి. తన ఊరిలో నిర్భయంగా జీవించగల పౌరుడే దేశ భద్రతకు తొలి కొలమానం.