మారిషసు ద్వీపము: చూడదగిన పట్టణములు, ప్రకృతి విశేషములు



నేటి నా ప్రసంగమునకు విషయము మారిషసు ద్వీపము. ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గైకొనిన బడిపంతులునకు సముద్రము దాటవలసిన పని యేమి వచ్చినదని మీరడుగవచ్చును. దానికొక కారణము కలదు. దానిని ముందుగా మనవిచేసి, పిమ్మట ద్వీపవర్ణనమునకు వచ్చెదను.

మా గ్రామము కోరంగికి రెండామడల దూరమున నున్నది. మా తాతగారి పెదతండ్రి, అప్పన్న యనునాయన, యౌవనమున నొకనాడు కోరంగిరేవున ఓడ యెక్కి, చెఱకుతోటలలో పనికై మారిషసునకు బోయెనని మా యింట చెప్పుకొనెడివారు. అటుపిమ్మట జాబు లేదు, కబురు లేదు. మా తాతగారు ప్రతివత్సరమును మహాలయ అమావాస్యనాడు తిలోదకములు విడుచునపుడు, ఆ పేరు వచ్చుసరికి ఒక్క క్షణము చేయి నిలిపెడివారు. బ్రదికియున్నవానికి తర్పణము విడుచుట దోషము. గతించినవానికి విడువకుండుటయు దోషమే. పండ్రెండేండ్లు నిరీక్షించి విడువవచ్చునని పెద్దలు చెప్పుచున్నను, అంతకు నాలుగైదు రెట్లు కాలము గడచినను, ఆ చేయి నిలుచుట మాత్రము మానలేదు. బాల్యమున దానిని నేను కన్నులార చూచితిని. ఇటీవల నా పూర్వశిష్యుడొకడు ఆ ద్వీపమున నుద్యోగము చేయుచు, "మాస్టారూ, ఒక్కమారు వచ్చి చూచి పొండి" అని పలుమారులు కోరగా, ఆ పేరును మనసున నుంచుకొని బయలుదేరితిని.

మారిషసు హిందూమహాసముద్రమున, భూమధ్యరేఖకు దక్షిణముగా, 20వ అక్షాంశము చేరువను, మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటరుల దూరమున నున్నది. పొడవు 65 కిలోమీటరులు, వెడల్పు 45 కిలోమీటరులు. సముద్రగర్భమున అగ్నిపర్వతములు క్రక్కిన ద్రవశిల గడ్డకట్టి యేర్పడిన నేల యిది. చుట్టును పగడపు దిబ్బలు ప్రాకారమువలె నిలిచి, మహాసముద్రపు కెరటములను దూరముననే ఆపుచుండును. అందుచేత ఒడ్డున నీరు చెరువునీటివలె నిశ్చలముగా, పచ్చగా కనబడును. మనకు వేసవియైనపుడు వారికి చలికాలము. జనవరి మొదలు మార్చివరకు తుపానుల భయము కలదు గనుక, యాత్రికులు మే మొదలు నవంబరు లోపల వెళ్ళుట మేలు.

ఈ దీవియందు పూర్వము స్థిరనివాసులు లేరు. డచ్చివారు 1598లో దిగి తమ రాకుమారుడగు మారిసు పేర దీనిని పిలిచిరి. వారు 1710లో విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును ఆక్రమించిరి. 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమై, 1992లో గణతంత్రమైనది.

రాజధాని పోర్టులూయిస్. దీనిని ప్రధానమగు రేవుగా తీర్చిదిద్దినవాడు 1735లో గవర్నరుగా వచ్చిన లాబూర్దొనే. 1746లో ఈ ద్వీపమునుండి నావలు గొనిపోయి చెన్నపట్టణమును పట్టుకొనినవాడును ఇతడే. పట్టణము వెనుక కొండల వరుస కలదు. అందొకటి పైకెత్తిన బొటనవ్రేలివలె నుండును. మఱియొకదాని శిఖరమున మనుష్యుని తలవంటి పెద్ద గుండు నిలిచియుండును. ఇచ్చటి వస్తుప్రదర్శనశాలలో డోడో యను పక్షి యొక్క అస్థిపంజరమును చూడవచ్చును. ఎగురలేని యీ పక్షి, మనుష్యుడు ఇచ్చట కాలుమోపిన తరువాత నూఱేండ్లైనను బ్రదుకలేదు.

ఆ పట్టణమున నేను ముందుగా చూడగోరినది రేవునొద్దనున్న ఆప్రవాసీ ఘట్టము. శబ్దార్థమును గమనింపుడు. ప్రవాసి యనగా ఊరు విడిచి వెడలినవాడు. దానికి 'ఆ' యను ఉపసర్గ చేరగా, వచ్చి చేరినవాడని యర్థము. మన యొడ్డున ప్రవాసియైనవాడు ఆ యొడ్డున ఆప్రవాసి యగును. బానిసత్వము రద్దయి తోటలలో పనివారు కరవగుటచే, ఆంగ్లేయులు మనదేశమునుండి ఒడంబడికపై కూలివారిని రప్పింప నారంభించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను నావపై ముప్పదియార్గురు వచ్చిరి. ఐదేండ్ల యొడంబడిక, నెలకు ఐదు రూపాయల జీతము. అది మొదలు 1920 వరకు వచ్చినవారు దాదాపు ఐదు లక్షలు. వారు దిగుటకై 1849లో ఏర్పడిన కట్టడములలో కొంతభాగమును, ఒడ్డుననున్న రాతిమెట్లును నేటికిని నిలిచియున్నవి. 2006లో వీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. చూచుటకవి మన యూరి చెరువుమెట్ల కంటె గొప్పవి కావు. కాని నేను చెప్పులు విడిచి వానిపై నిలిచితిని.

పోర్టులూయిసునకు ఈశాన్యమున సుమారు 11 కిలోమీటరుల దూరమున పాంప్లెమూసు అను గ్రామమున వృక్షోద్యానము కలదు. 18వ శతాబ్దియందు పియర్ పువావర్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు జాజికాయ, లవంగము మున్నగు సుగంధద్రవ్యముల మొక్కలను తెప్పించి యిచ్చట పెంచెను. కొలనియందు అమెరికా దేశపు మహాకుముదముల యాకులు అంచులు పైకి మడిచిన పెద్ద పళ్ళెములవలె తేలుచుండును. వాని పూవు మొదటినాడు తెల్లగా విచ్చి, మఱునాటికి గులాబివన్నె దాల్చును. నన్నచ్చట నిలిపినది శ్రీతాళవృక్షము. మన ప్రాచీనులు గ్రంథములు వ్రాసిన తాటియాకులలో శ్రేష్ఠమైనవి ఈ జాతివి. ఈ చెట్టు ముప్పది మొదలు ఎనుబది యేండ్లవరకు పెరిగి, జీవితమున నొక్కమారే పుష్పించి, ఫలించి, మరణించును.

రాజధాని నుండి దక్షిణముగా మెరకసీమకు బోవుదారిలో మోకా అను ఊరు కలదు. అచ్చటి మహాత్మాగాంధీ విద్యాసంస్థలో ఒడంబడిక కూలీల దస్తరములు భద్రపఱుపబడియున్నవి. ప్రతి మనుష్యునికిని ఒక సంఖ్య. దాని కెదుట పేరు, తండ్రిపేరు, వయస్సు, పొడవు, దేహముపై గుఱుతులు, ఊరు, ఓడపేరు. కొందఱకు ఛాయాచిత్రములును కలవు. నేను మా అప్పన్నకై వెదకితిని. మహాశయులారా! అప్పన్న దొరకకపోలేదు, అప్పన్నలు పెక్కుమంది దొరకిరి. తెలుగెఱుగని గుమాస్తాలు చెవికి సోకినట్లు వ్రాసికొనిన ఊరిపేర్లలో మా యూరు ఏదియో నిశ్చయింపలేకపోతిని. వారిలో ఒకని చూపి "ఈతడే మావాడు" అనుటకు నాకు ధైర్యము చాలలేదు. ఒకని విడిచి "ఈతడు కాడు" అనుటకును మనసు రాలేదు.

మోకా దాటిన పిమ్మట క్యూర్పీపు పట్టణము వచ్చును. ఇది సముద్రమట్టమునకు సుమారు 550 మీటరుల యెత్తున, తఱచు వానలతోను మంచుతోను చల్లగా నుండును. 1867 ప్రాంతమున పోర్టులూయిసున చలిజ్వరము ప్రబలి వేలకొలది జనులు మరణింపగా, కలిగినవారనేకు లీ మెరకసీమకు తరలివచ్చిరి. ఊరిచేరువనే చల్లారిన అగ్నిపర్వతముఖ మొకటి కలదు. అది పెద్ద గిన్నెవలె నుండి, చెట్లతో నిండియుండును. దాని యంచున నిలిచినచో ద్వీపమున పెక్కుభాగము కనబడును.

అచ్చటినుండి దక్షిణమునకు బోయినచో గంగాతలావు. ఇదియు అగ్నిపర్వతముఖమున నిలిచిన సరస్సే. 1898 నుండి మహాశివరాత్రికి భక్తులు కావడులు మోసికొని కాలినడకను ఇచ్చటికి వచ్చుట ఆచారమైనది. 1972లో మన గంగాజలమును తెచ్చి యిందు కలిపిరి. నూటయెనిమిది యడుగుల శివవిగ్రహము త్రోవనే దర్శనమిచ్చును. నేనింటినుండి చిన్న పొట్లమున తిలలు తీసికొనిపోయితిని. నీటిలో దిగి, అప్పన్నపేర మూడు దోసిళ్ళు విడిచితిని. నా చేయి నిలువలేదు. పిమ్మట, పేరు తెలియని తక్కిన అప్పన్నలందఱకును మఱి మూడు విడిచితిని.

నైఋతిభాగమున నల్లయేటి కనుమలు కలవు. 1994లో వీనిని జాతీయవనముగా నేర్పఱచిరి. పూర్వము ద్వీపమంతయు నిండియున్న కరినల్లమ్రాని యడవులలో మిగిలినది స్వల్పమే. అందు ముఖ్యభాగ మిచ్చటనే. ఈ దీవికే చెందిన యొక చిన్నడేగ కలదు. 1974 నాటికి అడవిలో నాలుగు పక్షులు మాత్రమే మిగిలినట్లు లెక్కకు వచ్చెను. గ్రుడ్లను సేకరించి, పిల్లలను పెంచి విడిచినందున ఆ జాతి నిలిచినది. డోడో కథ విన్నవారు ఈ డేగకథను తప్పక వినవలెను.

ఆ చేరువనే షమరెల్ అను చోట సుమారు నూఱు మీటరుల జలపాతమును, ఏడువన్నెల మట్టిదిబ్బలును కలవు. ఎఱుపు, గోధుమవన్నె, ఊదా, పసుపు మున్నగు రంగులు అలలు అలలుగా కనబడును. నల్లరాయి చిరకాలమునకు చివికి మన్ను కాగా, కరగునవి వానలకు కొట్టుకొనిపోయి, ఇనుము, అల్యూమినియముల భస్మములు మిగిలినవి; ఆ వన్నెలు వానివే. సముద్రతీరమున ల మోర్న్ అను 556 మీటరుల కొండ గోడవలె లేచియుండును. తోటలనుండి పారిపోయిన బానిసలు దీనిపై దాగి బ్రదికిరి. 1835లో విడుదలవార్త చెప్పవచ్చిన భటులను చూచి, తమ్ము పట్టుకొనవచ్చిరని తలంచి, వారు కొండపైనుండి దుమికిరని జనశ్రుతి. దీనిని 2008లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఆగ్నేయమున మాహేబూర్గు పట్టణము కలదు. దాని యెదుటి అఖాతముననే 1810 ఆగస్టున ఫ్రెంచివారు ఆంగ్లనౌకాదళమును ఓడించిరి. కాని అదే సంవత్సరము డిసెంబరునాటికి ద్వీపము ఆంగ్లేయుల వశమయ్యెను. ఎదుటనున్న చిన్నదీవిలో పూర్వపు తీరారణ్యమును మరల పెంచుచున్నారు.

ఈ యూళ్ళన్నిటి నడుమను దారిపొడవున కనబడునది చెఱకు. ఆ చేలలో అక్కడక్కడ నల్లరాళ్ళు మనిషెత్తునకు మించి గుట్టలుగా పేర్చియుండును. అవి ప్రకృతి కల్పించినవి కావు. నేలను సేద్యమునకు తెచ్చుటకై కూలివారు చేతులతో ఏరి పేర్చినవి. యాత్రికులు వానికై బండి నిలుపరు. నేను నిలిపించితిని. మన గోదావరిసీమకును ఈ చేలకును మఱియొక సంబంధము కలదు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో మన చెఱకునకు ఎఱ్ఱకుళ్ళు సోకి పాడగుచుండగా, సామర్లకోట వ్యవసాయక్షేత్రమువారు ఎఱ్ఱ మారిషసు చెఱకును నాటించి రైతులను గట్టెక్కించిరి. మనుష్యు లటుపోయిరి, చెఱకు ఇటువచ్చెను.

మాహేబూర్గు దారిలో నొక తెలుగువారి యింటికి నా శిష్యుడు నన్ను తీసికొనిపోయెను. ఎనుబదియేండ్లు దాటిన ఆ యింటి అవ్వగారు మాటాడునది క్రియోలు భాష. మనుమడు బడిలో తెలుగు చదివినవాడగుటచే మా నడుమ మాట నడిపెను. ఉగాది ఆ దేశమున సెలవుదినము. వారు రాత్రులు దీపము చుట్టును తిరుగుచు రామభజన చేయుదురు. సింహాద్రి అప్పన్నకు పూజ చేయుదురు. ఆ పేరు విని నేనులికిపడితిని. నేనొక అప్పన్నకై సముద్రము దాటివచ్చితిని. వారు అప్పన్నస్వామిని వెంట తెచ్చుకొని ఊరిపేరును పోగొట్టుకొనిరి. ఆమె ఒక పాతకాగితము నా చేతికిచ్చినది. అందు పూర్వుని సంఖ్యయు, ఓడపేరును, వికృతమైన యొక ఊరిపేరును కలవు. అంతవఱకును క్రియోలు పలికిన అవ్వగారు అపుడు తెలుగుననే, "మా వూరు తెలుసునా, బాబూ?" అనిరి. ఆ యుచ్చారణము గల యూళ్ళు మన జిల్లాలలో మూడైనను కలవు. నేను బదులు చెప్పలేకపోతిని.

మహాశయులారా! మారిషసునకు బోవువారు సముద్రమును, జలపాతమును తప్పక చూడుడు. కాని ముందుగా రేవులోని రాతిమెట్లను చూడుడు. పిమ్మట చేలలోని రాళ్ళగుట్టలను చూడుడు. అపుడు తక్కిన సౌందర్యమున కర్థము తెలియును. పోలేనివారు ఇంటనుండియే యొక పని చేయవచ్చును. మీ పెద్దలలో ఎవరైనను దీవులకు బోయి తిరిగిరాలేదని ఇంట వాడుక కలదేని, వృద్ధులు జీవించియుండగనే ఆ మనుష్యుని పేరు, తండ్రిపేరు, ఊరిపేరు, ఒంటిపై గుఱుతులు తెలిసికొని ఒక కాగితమున వ్రాసియుంచుడు. ఆ కథలో సగము మోకా దస్తరములలో నున్నది. తక్కిన సగము మన యిండ్లలో నున్నది. అవ్వగారి కాగితపు నకలు నాయొద్ద కలదు. ఆ మూడూళ్ళలో ఒకదానికి పోయి విచారించితిని. మిగిలిన రెండింటికిని ఈ సంక్రాంతి వెళ్ళినపిమ్మట పోవలెనని యున్నాను.

ఇక సెలవు. స్వస్తి.