చదువు అక్కడ... సేవ ఎక్కడ?

వరంగల్‌లో ఎంబీబీఎస్‌ చదివిన కుర్రాడు అమెరికాలో పెద్ద డాక్టరయ్యాడంటే ఊరంతా సంబరమే. అదే ఊళ్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మాత్రం తరచూ వినిపించే మాట... ‘హైదరాబాద్‌ తీసుకెళ్లండి’!

కాకతీయ వైద్య కళాశాల 1959లో మొదలైంది. పక్కనే ఎంజీఎం ఆసుపత్రి, ఉత్తర తెలంగాణ పేదలకు పెద్దదిక్కు. ఇక్కడ చదివి విదేశాల్లో స్థిరపడినవారు ఎందరో.

నిజానికి విదేశీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చి తిరిగి పంపాలన్నదే అమెరికా జె-1 వీసా ఉద్దేశం. శిక్షణ పూర్తయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. కానీ 1994లో ఓ వెసులుబాటు వచ్చింది. అమెరికాలోనే వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే మినహాయింపు! మొదట ఒక్కో రాష్ట్రానికి ఏటా 20 మంది, 2002 తర్వాత 30 మంది. అలా మన కొరత తీర్చాల్సిన చదువు అక్కడి కొరత తీర్చింది.

వచ్చినాయన ఏం చేశారు?

గుంటూరులో వైద్యం చదివిన డాక్టర్‌ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1974లో అమెరికా వెళ్లారు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర, కార్నియా చికిత్సలో నిపుణుడయ్యారు. 1986లో తిరిగొచ్చారు. సినీ ప్రముఖుడు ఎల్‌.వి.ప్రసాద్‌ స్థలం, డబ్బు ఇవ్వడంతో 1987లో హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి మొదలైంది. ఆయన ఆపరేషన్లతో ఆగలేదు... డాక్టర్లకు, టెక్నీషియన్లకు అక్కడే శిక్షణ మొదలుపెట్టారు. 1996 నాటికి ఆదిలాబాద్‌ జిల్లా ముథోల్‌లోనూ కంటి కేంద్రం వెలిసింది.

ఆ విద్య సముద్రమూ దాటింది. అంతర్యుద్ధంతో, ఎబోలాతో చితికిపోయిన ఆఫ్రికా దేశం లైబీరియాలో, రాజధాని మన్రోవియాలోని ప్రభుత్వాసుపత్రిలో 2017లో ఈ సంస్థ సాయంతో కంటి కేంద్రం ప్రారంభమైంది. ఒకప్పుడు చదువుకోసం విమానం ఎక్కినవారి దగ్గరికే మరో పేద దేశం నేర్చుకోవడానికి వచ్చింది!

ఒక్కరు చాలరు

తిరిగి రానివారందరికీ మనసు లేదనుకోవడం తప్పు. గుండె ఆపరేషన్‌ నేర్చినవారు వచ్చినా యంత్రాలు, మత్తు డాక్టరు, తర్ఫీదు పొందిన నర్సులు లేకపోతే ఏం చేయగలరు? ముందు పనిచేసే చోటు ఉండాలి, చుట్టూ బృందం ఉండాలి.

వరంగల్‌లో పాత సెంట్రల్‌ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో పునాది పడింది. అంతస్తులు కాంట్రాక్టర్లు కడతారు. వాటిలో పనిచేసే నిపుణులను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. పూర్తిగా తిరిగి రాలేని మన డాక్టర్లు, ఏటా రెండు వారాలు వచ్చి ఇక్కడి పీజీ విద్యార్థుల పక్కన నిలబడి నేర్పినా మేలే. అమెరికాలో నేర్చింది ఒకరితో ఆగకుండా పదిమందికి అందితే... ‘హైదరాబాద్‌ తీసుకెళ్లండి’ అనే మాట కొంతైనా తగ్గుతుంది.