నీళ్ళు ఎప్పుడొస్తాయో అడిగారా?

"పిన్నీ, అమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెబితే వినదు" అంటూ పుణె నుంచి మా అక్క కూతురు ఫోను. పెళ్ళి సంబంధం సంగతేమో అనుకున్నాను. కాదు! ఆఫీసులో నలుగురు ఆడపిల్లలు కలిసి కుండలికా నదిలో కయాకింగ్ నేర్చుకోవడానికి వెళతారట.

కయాక్ అంటే సన్నటి చిన్న పడవ. ఒక్కరే కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకోవాలి. అదీ రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ పరుగెత్తే నీళ్ళల్లో. పైగా అవి డ్యాం నుంచి వదిలే నీళ్ళు.

ఆ చివరి మాట విని అక్క మండిపడింది. "డ్యాం నీళ్ళా? బియాస్ సంగతి అప్పుడే మరిచిపోయారా?" అంది.

ఎలా మరిచిపోతాం? 2014 జూన్ 8న, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్ళు ఉన్నట్టుండి వచ్చిపడ్డాయి. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. టీవీలో ఆ దృశ్యం చూసి ఏడవని తల్లి ఉందా?

"వద్దు" అనడం తేలికే. కానీ సంపాదించుకుంటున్న పిల్ల, రేపు చెప్పకుండా వెళితే? ఎక్కడుందో కూడా మనకి తెలియదు. అందుకే ఓ కాగితం మీద నాకు తోచిన ప్రశ్నలన్నీ రాసి చదివి వినిపించాను. "వీటికి జవాబులు కనుక్కో. అప్పుడు అమ్మతో మాట్లాడతాను" అన్నాను. వారం తిరక్కుండా అన్నీ కనుక్కుంది.

ఎవరివా నీళ్ళు?

తెలుసుకుంటే ఆశ్చర్యం వేసింది. పుణె దగ్గర ములా నదికి అడ్డంగా కట్టిన ముల్షీ డ్యాం నీళ్ళవి. ములా నీళ్ళు చివరికి భీమాలో, భీమా మన కృష్ణలో కలుస్తాయి. అంటే పుట్టుకతో కృష్ణమ్మ నీళ్ళే! వాటిని సహ్యాద్రి కొండలకి పడమటి వైపు మళ్ళించి, దాదాపు 500 మీటర్ల కిందికి గొట్టాల్లో దింపి, భిరా దగ్గర కరెంటు తీస్తారు. ఆ విద్యుత్ కేంద్రం 1927 నాటిది, టాటాలది. ఆ డ్యాం కింద తమ భూములు మునుగుతాయని రైతులు సేనాపతి బాపట్ నాయకత్వంలో 1921లో సత్యాగ్రహం కూడా చేశారు. కరెంటు తీశాక వదిలిన నీళ్ళు కుండలికాలో పడి, కోలాడ్ మీదుగా అరేబియా సముద్రానికి పోతాయి.

గడియారం మనది కాదు

వాళ్ళు నీళ్ళు వదిలేది మన పడవల కోసం కాదు, కరెంటు కోసం. సాధారణంగా ఉదయంపూట వదులుతారు. ఆ కొద్ది గంటలే నదికి వేగం, తర్వాత రాళ్ళు బయటపడతాయి. కరెంటు అవసరాన్ని బట్టి వేళ మారుతుంది, ఒక్కోసారి అసలు వదలరు కూడా. కాబట్టి ముందురోజు సాయంత్రమే కోలాడ్ చేరి, రాత్రి నిద్రపోయి, తెల్లవారాక నీళ్ళ సంగతి మళ్ళీ కనుక్కోవాలి. అర్ధరాత్రి పుణెలో బయల్దేరి, ఘాట్ రోడ్డు దిగి, నిద్ర కళ్ళతో పడవెక్కడం వద్దేవద్దు. నీళ్ళు రాకపోతే ఉసూరుమనకుండా తిరిగి రావాలి.

ఒడ్డున కూర్చునే వాళ్ళకీ ఇదే సూత్రం. నది ఎండి కనిపించినా ఫొటోల కోసం మధ్య రాళ్ళ మీదికి వెళ్ళకూడదు. సంచులు, చెప్పులు గట్టు మీద ఎత్తులోనే పెట్టుకోవాలి.

బోర్లా పడటం ముందు నేర్చుకోవాలి

నదుల ఉద్ధృతిని 1 నుంచి 6 దాకా తరగతులుగా లెక్కిస్తారు. కుండలికాలో పడవలు నడిపే చోట 2, 3 తరగతుల నీళ్ళుంటాయి. కానీ వానాకాలంలో డ్యాం నీళ్ళకి వాన నీళ్ళు తోడవుతాయి, కొత్తవాళ్ళు అప్పుడు వెళ్ళకపోవడమే మంచిది.

మొదటి పాఠం కదలని నీళ్ళలోనే. పడవలోకి నీళ్ళు రాకుండా నడుముకి బిగించే గుడ్డ ఒకటుంటుంది. పడవ బోర్లా పడితే దాని ముందున్న పట్టీ లాగి బయటికి రావాలి. ఇది చేతులకి అలవాటయ్యేదాకా నది జోలికి వెళ్ళకూడదు. నదిలో పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్ళు ప్రవాహం వైపు ముందుకి పెట్టాలి. పారే నీళ్ళలో నిలబడబోతే కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది.

లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకుని చూడాలి. చెవుల దాకా లేచొస్తే అది మన కొలత కాదు. హెల్మెట్ సరేసరి. గొలుసులు, గాజులు, చున్నీలు ఇంట్లోనే పెట్టి వెళ్ళాలి. జడ ముడి వేసి, కళ్ళజోడుకి తాడు కట్టుకోవాలి. తడిస్తే బరువెక్కే నూలు బట్టలు పనికిరావు. బట్టలు మార్చుకునే చోటు, బాత్‌రూమ్ ఉన్నాయో లేదో ముందే అడగాలి. అడగడానికి సిగ్గెందుకు? పక్కన నేర్పేవాళ్ళెందరు, తాడు పట్టుకుని ఒడ్డున ఎవరుంటారు, దగ్గర్లో ఆసుపత్రి ఎంతదూరం అన్నదీ అడగాలి. జవాబు నసిగితే ఇంకోచోటు చూసుకోవడమే.

ఈ కాగితం అక్క ముందు పెట్టాను. "నీకేం, కథలు రాసుకుంటావు" అని విసిరికొట్టింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు తనే ఫోన్ చేసింది.

"ఆ నీళ్ళు ఎన్నింటికి వదులుతారటే?"

చెప్పాను. దిగేముందు ఒక ఫోను, ఒడ్డెక్కగానే ఒక ఫోను చేయాలంది. మధ్యాహ్నం దాటినా కబురు రాకపోతే ఎవరిని అడగాలో ఆ నంబరు తన దగ్గరుండాలంది. పిల్ల సరేనంది. వచ్చే నెలలో వెళుతున్నారు.

అక్కకి భయం పోలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ పోలేదు. కానీ మీ పిల్లలు కూడా ఏ నది దగ్గరికో బయల్దేరితే, "వద్దు" అనేముందు ఒక్క మాట అడగండి... "పైన డ్యాం ఉందా? నీళ్ళు ఎప్పుడొస్తాయో కనుక్కున్నావా?" అని.