కొలువు మారే వేళ.. గడువుపై కన్నేయాలి
విదేశాల్లో ఉపాధ్యాయుల వీసా నిబంధనలు ఇవీ

లాలాపేట్: విదేశాల్లో బోధించే ఉపాధ్యాయులకు ఉద్యోగం పోవడమంటే జీతం ఆగిపోవడం ఒక్కటే కాదు. ఆ దేశంలో నివసించే హక్కుకూ గడువు మొదలైనట్లే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న లాలాపేట్, తార్నాక, నాచారం ప్రాంతాల నుంచి బీఈడీ పూర్తిచేసి గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్లాలనుకునేవారు ఈ విషయం ముందే తెలుసుకోవడం అవసరం. ఒక పాఠశాలను వీడి మరో పాఠశాలలో చేరేలోగా వచ్చే కొద్ది వారాలే వారికి కీలకం.

అమెరికాలో 60 రోజులే
హెచ్-1బీ వీసాపై పనిచేస్తూ ఉద్యోగం కోల్పోయినవారికి గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఈ నిబంధన 2017 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. బస అనుమతి అంతకుముందే ముగిస్తే ఆ తేదీయే వర్తిస్తుంది. సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు మరుసటి నుంచి లెక్క మొదలవుతుంది. అక్కడి వేసవి సెలవులు రెండు నెలలకు పైగా ఉంటాయి. విద్యా సంవత్సరంతోపాటే ఉద్యోగమూ ముగిసినవారికి, కొత్త బడులు తెరిచేలోగానే గడువు తీరిపోవచ్చు.

ఈలోగా కొత్త పాఠశాల దరఖాస్తు దాఖలు చేయాలి. అది ప్రభుత్వానికి చేరిన తర్వాత అక్కడ పనిలో చేరవచ్చు. లేదంటే జీవిత భాగస్వామిపై ఆధారపడిన వీసాకో, సందర్శక వీసాకో మార్పు కోరవచ్చు. వెసులుబాటు కాలంలో పనిచేయడం మాత్రం కుదరదు. గడువుకు ముందే యాజమాన్యం తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణపు సహేతుక ఖర్చు అదే భరించాలి. తనంతట తాను రాజీనామా చేస్తే ఈ హక్కు ఉండదు.

విదేశాల్లో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపును తప్పనిసరి చేస్తూ 2025 సెప్టెంబరులో అధ్యక్ష ప్రకటన వెలువడింది. అందువల్ల స్వదేశానికి వచ్చి మళ్లీ వెళ్దామనుకునేవారు, బయలుదేరే ముందే ఆ నిబంధన తమకు వర్తిస్తుందేమో తెలుసుకోవాలి.

జె-1 వీసాపై వెళ్లిన ఉపాధ్యాయుల సంగతి వేరు. వీరి కార్యక్రమ కాలం మూడేళ్లు, పొడిగింపు గరిష్ఠంగా మరో రెండేళ్లు. కార్యక్రమం పూర్తయ్యాక ప్రయాణానికి 30 రోజులు ఇస్తారు. మధ్యలో ఉద్యోగం పోతే, పాఠశాలకు కాక తమను పంపిన స్పాన్సర్ సంస్థకు వెంటనే తెలియజేయాలి.

గల్ఫ్‌లో సంతకానికి ముందే
యూఏఈలో ఉద్యోగం ముగిశాక యాజమాన్యం నివాస వీసాను రద్దు చేయిస్తుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు ఉండవచ్చన్నది వీసా తరగతిని బట్టి మారుతుంది. అందువల్ల రద్దు పత్రంలోని తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి. గడువు దాటితే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా బకాయిలన్నీ చెల్లించాలి. డబ్బు చేతికి అందకముందే 'అన్నీ ముట్టాయి' అన్న పత్రంపై సంతకం చేయడం ప్రమాదకరం.

భర్త స్పాన్సర్ చేసిన నివాస వీసాపై ఉంటూ, పని అనుమతి తీసుకుని బోధించే ఉపాధ్యాయినులకు కొంత ఊరట ఉంది. వారికి ఉద్యోగం పోతే పని అనుమతి మాత్రమే రద్దవుతుంది, నివాసం కొనసాగుతుంది. సౌదీలో 2021 మార్చి సంస్కరణలతో, ఏడాది పని పూర్తిచేసినవారు నిర్ణీత షరతులకు లోబడి పాత యజమాని సమ్మతి లేకుండానే మరోచోటికి మారవచ్చు. అయితే అకామా గడువును చూసుకుంటూ ఉండాలి. చెప్పకుండా విధులకు గైర్హాజరైతే 'హురూబ్' నమోదై చిక్కుల్లో పడతారు.

తప్పు యాజమాన్యానిది.. నష్టం టీచర్లది
అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ప్రభుత్వ పాఠశాలలు విదేశీ ఉపాధ్యాయులతో వీసా ఖర్చులు భరింపజేశాయని ఆ దేశ కార్మిక శాఖ తేల్చింది. బాధితుల్లో అత్యధికులు ఫిలిప్పీన్స్‌వారు. 2011లో కుదిరిన ఒప్పందంతో 1,044 మందికి సుమారు 42 లక్షల డాలర్లు తిరిగివచ్చాయి. కానీ శిక్షగా రెండేళ్లపాటు ఆ పాఠశాలలను వీసా దరఖాస్తులకు అనర్హులను చేయడంతో, వీసా గడువు ముగిసేవారు వేరే కొలువు వెతుక్కోవాల్సి వచ్చింది. డబ్బు తిరిగిరావడం, వీసా నిలవడం రెండూ ఒకటి కావని ఈ ఉదంతం చాటింది.

బయలుదేరే ముందే జాగ్రత్త
పదో తరగతి ఉత్తీర్ణులకు గల్ఫ్ వెళ్లేందుకు వలస అనుమతి అక్కర్లేదు. కనుక ఉపాధ్యాయుల ఉద్యోగ ఒప్పందాన్ని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం పరిశీలించదు. దాన్ని ఆసాంతం చదువుకోవాల్సింది వారే. నోటీసు కాలం, వేసవి జీతం, తిరుగు టికెట్, వసతి ఎప్పటివరకన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. డిగ్రీ, బీఈడీ ధ్రువీకరణ పత్రాల అసలు ప్రతులను ఎవరికీ అప్పగించరాదు. కొత్త పాఠశాల అడిగేవి మొదట అవే. కొత్త నియామకం రాతపూర్వకంగా ఖరారయ్యాకే పాత చోట రాజీనామా ఇవ్వడం మేలు. విదేశంలో చిక్కుల్లో పడితే విదేశాంగ శాఖకు చెందిన మదద్ పోర్టల్ ద్వారా భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు.