సూది మత్తు, హాని తగ్గింపు: జాతీయ మార్గదర్శకాలు తేల్చవలసినవి ఏమిటి?

దేశంలో సూది ద్వారా మత్తుమందులు ఎక్కించుకునేవారు సుమారు 8.5 లక్షల మంది ఉన్నారు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపిన జాతీయ సర్వే 2019లో వెల్లడించిన అంచనా ఇది. ఇటువంటివారు అధికంగా ఉన్న రాష్ట్రాలుగా ఆ నివేదిక ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ, మణిపూర్, నాగాలాండ్ వంటివాటితో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలనూ పేర్కొంది. మత్తు అనగానే గంజాయి గురించి మాత్రమే చర్చించుకునే తెలుగువారికి ఇది కొత్త సంగతి కావచ్చు. సూదితో ఎక్కించుకునే పదార్థాల్లో హెరాయిన్ వాటా ఎంతో, మందుల దుకాణాల నుంచి దారి మళ్లే నొప్పి నివారణ ఔషధాల వాటా కూడా దాదాపు అంతేనని ఆ సర్వే తేల్చింది.

వీరి విషయంలో వైద్యులను కలవరపెడుతున్నది మత్తు ఒక్కటే కాదు. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడినప్పుడు రక్తంతో పాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి క్రిములు కూడా చేతులు మారతాయి. దేశంలోని వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.2 శాతం మేరకే ఉండగా, సూదిమందు వాడేవారిలో 2021 నాటి జాతీయ నిఘా పరిశీలన ప్రకారం ఇది 9 శాతం. హెపటైటిస్-సి ఇంకా మొండిది. వాడి పడేసిన సిరంజిలో అది వారాల తరబడి సజీవంగా ఉండగలదు.

హాని తగ్గింపు అనే విధానం ఇక్కడి నుంచే పుట్టింది. వ్యసనం ఈ రోజే మానలేని మనిషిని కూడా రోగాల నుంచి, ఆకస్మిక మరణం నుంచి కాపాడటం దాని లక్ష్యం. శుభ్రమైన సూదులు, సిరంజిలు ఇచ్చి వాడినవాటిని వెనక్కి తీసుకోవడం, హెరాయిన్‌కు బదులుగా వైద్యుల పర్యవేక్షణలో బుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ ఇవ్వడం, సూది గుచ్చిన చోట పడే పుండ్లకు చికిత్స చేయడం, రక్తపరీక్షలు జరపడం ఇందులోని ముఖ్యాంశాలు. బుప్రెనార్ఫిన్, మెథడోన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

భారత్‌కు ఈ పాఠం నేర్పినది మణిపూర్. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చిన హెరాయిన్ 1980లలో అక్కడి యువతలో విస్తరించింది. సూదిమందు వాడేవారిలో హెచ్‌ఐవీ 1989లో తొలిసారి బయటపడగా, ఏడాది తిరగకముందే పరీక్ష చేయించుకున్నవారిలో సగం మందికి సోకినట్లు తేలింది. వ్యసనపరులను జైళ్లలో పెట్టి, సూదులు దొరకకుండా కట్టడి చేస్తే సమస్య తీరుతుందన్న నమ్మకం అక్కడ చెల్లలేదు. సూది దొరకనప్పుడు మానేసినవారి కంటే ఒకే సూదిని పంచుకున్నవారే ఎక్కువ. చివరకు చురాచాంద్‌పూర్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు 1990ల నడుమ సూదుల మార్పిడి మొదలుపెట్టారు. 1996లో ఆ రాష్ట్రం రూపొందించిన ఎయిడ్స్ విధానంలో హాని తగ్గింపునకు చోటు దక్కింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2007లో మొదలైన తన మూడో దశ కార్యక్రమంలో దీన్ని దేశమంతటికీ విస్తరించింది.

కార్యక్రమం ఇన్నేళ్లుగా నడుస్తున్నప్పుడు జాతీయ మార్గదర్శకాలతో కొత్తగా పనేమిటన్న ప్రశ్న సహజమే. చిక్కంతా ఒకే మనిషి మూడు శాఖలకు మూడు రకాలుగా కనిపించడంలో ఉంది. ఆరోగ్య శాఖకు అతడు రోగి. సామాజిక న్యాయ శాఖకు వ్యసన విముక్తి కేంద్రంలో చేర్చవలసిన వ్యక్తి. మాదకద్రవ్యాల నియంత్రణకు వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో నేరస్థుడు. ఆ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం హెరాయిన్ వాడకానికే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారిని విచారణ నుంచి మినహాయించే 64-ఏ సెక్షన్ కూడా అందులోనే ఉన్నా, చికిత్సకు సిద్ధపడని మనిషికి అది అక్కరకు రాదు.

విధాన పత్రాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. కేంద్ర రెవెన్యూ విభాగం తెచ్చిన 2012 నాటి జాతీయ మాదకద్రవ్య విధానం, హాని తగ్గింపును వ్యసన విముక్తికి ఒక మెట్టుగా మాత్రమే అంగీకరించింది. అదే అంతిమ లక్ష్యం కారాదని స్పష్టం చేసింది. అయిదేళ్ల తరువాత పార్లమెంటు ఆమోదించిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం మరో మాట చెప్పింది. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న ఈ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, హెచ్‌ఐవీ ముప్పును తగ్గించేందుకు చేపట్టే చర్యలు నేరం కావు. మరే చట్టంలో ఏమున్నా వాటిని అడ్డుకోరాదు. సురక్షితమైన సూదులను సమకూర్చడం, ప్రత్యామ్నాయ ఔషధాలివ్వడం ఆ చర్యల్లో భాగమని చట్టమే వివరించింది. విధాన పత్రం కంటే చట్టానిదే పైచేయి అన్నది నిజమే అయినా, వీధిలో గస్తీ తిరిగే కానిస్టేబుల్‌కు 27వ సెక్షన్ తెలిసినంతగా ఈ 22వ సెక్షన్ తెలిసే అవకాశం తక్కువ.

దీని ప్రభావం సూదుల మార్పిడిపై నేరుగా పడుతుంది. వాడిన సూదిని తిరిగి తెచ్చి ఇవ్వాలన్నది కార్యక్రమ నియమం. బడి దగ్గరో చెత్తకుప్పలోనో అవి పిల్లలకు, పారిశుధ్య కార్మికులకు గుచ్చుకోకుండా ఉండాలంటే ఇదే దారి. కానీ మత్తుమందు ఆనవాళ్లుండేది ఆ వాడిన సూదిలోనే. దాన్ని జేబులో పెట్టుకుని కేంద్రం దాకా నడిచి రావాలంటే పోలీసుల భయం ఉంటుంది. మార్గదర్శకాలు అన్నిటికంటే ముందు తేల్చవలసింది ఇదే.

సూదుల లెక్క కూడా తేలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటికి ఒక్కొక్కరికి ఏటా 200 సూదులు, 2030 నాటికి 300 సూదులు అందాలని లక్ష్యం పెట్టింది. ఒకటిస్తే ఒకటి అనే కఠిన నియమంతో ఈ సంఖ్యను అందుకోవడం దుర్లభం.

ప్రత్యామ్నాయ ఔషధం విషయంలో చర్చ మరింత లోతైనది. బుప్రెనార్ఫిన్ మాత్రను రోజూ కేంద్రానికి వచ్చి, నర్సు ఎదుట నాలుక కింద ఉంచుకోవడం ఆనవాయితీగా వచ్చింది. మాత్రలు బయట అమ్ముడుపోకుండా చూసేందుకు ఈ కట్టుబాటు అవసరమని అధికారుల వాదన. అది కొట్టిపారేయదగినది కాదు. అయితే పొద్దున్నే అడ్డా మీదికి చేరితేనే పని దొరికే కూలీకి, పదిగంటలకు తెరిచే కేంద్రం అంటే ఆ రోజు కూలి పోవడమే. 2020 లాక్‌డౌన్‌లో తప్పనిసరై, కొన్ని రోజుల మాత్రలు ఇంటికే ఇచ్చే వెసులుబాటు కల్పించారు. పంజాబ్‌లో ప్రభుత్వ ఔట్‌పేషెంట్ కేంద్రాల ద్వారా కూడా ఇంటికి మాత్రలిస్తున్నారు. ఎవరికి ఎన్ని రోజులకు ఇవ్వవచ్చో స్పష్టమైన ప్రమాణాలుంటే ఈ వెసులుబాటు వైద్యుడి ఇష్టాయిష్టాలపై ఆధారపడదు.

మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవారిని నిమిషాల్లో తేరుకునేలా చేసే నలోక్సోన్ మన దేశంలో ప్రధానంగా ఆసుపత్రి ఔషధం. ప్రమాదం జరిగేది మాత్రం ఏ గదిలోనో, పాడుబడ్డ భవనంలోనో. అక్కడ పక్కనుండేది వైద్యుడు కాదు, సాటి వాడకందారో కుటుంబ సభ్యులో. సమీపంలో ఉండేవారికి దీన్ని అందుబాటులో ఉంచి, వాడకం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సూచించింది. హెపటైటిస్-సి పరిస్థితి కొంత మెరుగు. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీనికి మందులు ఉచితం.

జైళ్లు, మహిళలు, 18 ఏళ్లలోపువారు అన్న మూడు అంశాలపై ఇప్పటి సేవలు పలచనగానే ఉన్నాయి. పురుషులను దృష్టిలో పెట్టుకుని తెరిచిన కేంద్రంలోకి బిడ్డనెత్తుకున్న తల్లి అడుగుపెట్టడం కష్టం. ప్రత్యామ్నాయ ఔషధం తీసుకుంటున్న వ్యక్తి అరెస్టయితే మాత్ర జైలు గేటు దగ్గరే ఆగిపోకూడదు. విడుదలైన తొలి రోజుల్లో పాత మోతాదుకు తిరిగి వెళ్లి మరణించే ముప్పు మరీ ఎక్కువని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

అంతర్జాతీయంగా వాతావరణం మారుతోంది. వియన్నాలో 2024 మార్చిలో సమావేశమైన ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్ ఆమోదించిన తీర్మానంలో హాని తగ్గింపు అన్న మాట తొలిసారి చోటు చేసుకుంది. దేశంలో మాత్రం ఆరోగ్య శాఖ ఒక్కటే మార్గదర్శకాలు జారీ చేస్తే అవి ఆసుపత్రి గడప దాటడం కష్టం. రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల పరిధిలోనిది. కాబట్టి కేంద్ర హోం, రెవెన్యూ విభాగాల అంగీకారంతో పాటు, హైదరాబాద్, అమరావతి సహా ప్రతి రాష్ట్ర రాజధాని నుంచి పోలీసు స్టేషన్లకు విడిగా ఉత్తర్వులు వెళ్లవలసి ఉంటుంది.